గాలి పరీక్ష

మా వీధి తలుపు బార్లా తెరిచి, ఆ ఖాళీలో ఎర్రటి గుడ్డ బిగించి, గుడ్డ మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టిన రోజు నాన్న భోజనం చెయ్యలేదు.

చలికాలం అప్పుడే మొదలైంది. మేడ మీద కొత్తగా కట్టిన వాటాలోకి తమ్ముడూ మరదలూ మారాలంటే ఆ పరీక్ష గట్టెక్కాలి. ఇంట్లోకి చల్లగాలి ఎంత దూరుతోందో, వేడి ఎంత బయటికి పోతోందో కొలిచి, హద్దులో ఉంటేనే కట్టడాల ఆఫీసువాళ్ళు పై వాటాకి కరెంటు ఇస్తారు. మెట్లు ఇంటి లోపలే ఉన్నాయి గనక పైదీ కిందిదీ కలిపి ఒకే ఇల్లు లెక్క. కొత్త గదులతో పాటు పాత ఇల్లు కూడా పాస్ కావాలి. అనుమతి గడువు చలికాలంతో సరి. ఆ తర్వాత అయితే మళ్ళీ మొదటినుంచి రావాల్సిందే. మరదలికి నెలలు నిండేది కూడా సరిగ్గా అప్పుడే.

నాన్న వడ్రంగి. అందులోనూ కిటికీలు, తలుపులు చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. మా ఇంట్లో ప్రతి చట్రం ఆయన చిత్రిక పట్టి బిగించిందే. అలాంటి ఇంటికి పరీక్ష అనేసరికే ఆయనకి ముక్కు మీదికి వచ్చింది కోపం.

పరీక్ష చేసే ఆవిడ పొట్టిగా ఉంది. జలుబు చేసిందేమో, మాటకోసారి ముక్కు ఎగబీలుస్తోంది. వచ్చీ రాగానే ఇల్లంతా తిరిగి కిటికీలన్నీ మూయించింది. వెనక గదిలో ఉన్న గ్యాస్ బాయిలర్ ఆపేసింది. ఇంటికంతటికీ వేడి, వేడినీళ్ళు దాన్నుంచే. ఆ గది గోడకి చిన్న జాలీ ఉంటే దాని మీద వెడల్పాటి టేపు అంటించింది.

"ఏంటమ్మా, ఇల్లంటే బెలూన్ అనుకున్నారా?" అన్నాడు నాన్న.

"బెలూనే అనుకోండి బాబాయిగారూ. చిల్లెక్కడుందో చూద్దాం."

ఫ్యాను తిరగడం మొదలైంది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత హాల్లో పరదాలు వాటంతటవే లేచాయి. గోడకున్న క్యాలెండర్ టపటపా కొట్టుకుంది. వంటింటి స్విచ్ బోర్డు వెనకనుంచి ఏళ్ళనాటి దుమ్ము సన్నగా రాలింది. కిటికీల సందుల్లోంచి ఈల మొదలైంది, ఒక్కో గదిది ఒక్కో శ్రుతి. మరదలు నవ్వు ఆపుకోలేక నా భుజం పట్టుకుంది. "వదినా, మనిల్లు పాడుతోంది!" నేనూ నవ్వబోయి నాన్న మొహం చూసి ఆగిపోయాను.

ఆవిడ పెన్నులాంటి దాన్ని నొక్కితే తెల్లటి పొగ వస్తోంది. దాన్ని కిటికీ చట్రం పక్కన పెడితే పొగ చెదిరి గదిలోకి పరుగెత్తుతోంది. అంటే అక్కడ గాలి దూరుతోందన్నమాట. ఆవిడ ఒక్కో కిటికీ దగ్గరికీ వెళ్ళడం, నాన్న వెనకే వెళ్ళి ఆ పొగని చూడడం. ఎవరో ఆయన ఎదురుగానే ఆయన చేతిపనికి వంకలు పెడుతున్నట్టుంది. చివరికి ఫ్యాను ఆపి అంకె చూసుకుంది.

"ఎంతండీ?" అన్నాడు తమ్ముడు.

"ఉండాల్సినదానికి రెట్టింపు కారుతోంది."

"కారుతోందా?" నాన్న గొంతు లేచింది. "ఇన్నేళ్ళలో ఎంత వానకీ చుక్క దిగలేదు ఈ ఇంట్లో!"

"వాన కాదండీ, గాలి. పాత ఇళ్ళన్నీ ఇంతే. మీ పనిలో తప్పేం లేదు."

ఆ మాట ఓదార్పుగానే అంది. నాన్నకి మాత్రం అది పుండు మీద కారంలా తగిలింది. ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి జాలీ మీది టేపు పీకేసి, బాయిలర్ వెలిగించి, మా అందరినీ పిలిచింది.

"సందులు మూసుకోండి, ఎన్నయినా మూసుకోండి. ఈ జాలీ మాత్రం ముట్టుకోకండి. బాయిలర్‌కి గాలి దీన్లోంచే రావాలి. పరీక్షప్పుడు బాయిలర్ ఆపి నేనే మూస్తాను, ఇది లెక్కలోకి రాదు. అర్థమైందా?"

"అర్థమైంది" అన్నాం. నాన్న తలూపాడు. ఆవిడ ఎర్రగుడ్డ మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఆవిడకి అప్పుడే 'ఫ్యానమ్మ' అని పేరు పెట్టేసింది.

"లేవండి, చల్లారిపోతుంది" అని అమ్మ కంచం ముందు ఎంతసేపు పిలిచినా నాన్న లేవలేదు. తను చేసిన కిటికీ ముందు కుర్చీ వేసుకుని, గాలి ఎక్కడ తగులుతుందోనని తడిచేత్తో చట్రం చుట్టూ తడుముతూ కూర్చున్నాడు.

మర్నాటినుంచి ఆయన వేరే పని ఒప్పుకోలేదు. సిలికాన్ గొట్టాలు, ఫోమ్ డబ్బాలు, రబ్బరు పట్టీలు తెచ్చి హాల్లో పోశాడు. హాలంటే నా పడకగది కూడా. తమ్ముడూ మరదలూ పైకి మారాక వాళ్ళ గది నాకు వస్తుందని ఒప్పందం. అందాకా ఫోమ్ డబ్బాల మధ్యే నా పరుపు. నేను పని చేసే కళ్ళద్దాల షాపుకి బయల్దేరేసరికి నాన్న కిటికీ ఎక్కి ఉండేవాడు, తిరిగొచ్చేసరికి మరో కిటికీ మీద ఉండేవాడు. స్విచ్ బోర్డులు విప్పి వెనక మూశాడు. నేలకీ గోడకీ మధ్య గీతలో సిలికాన్ నింపాడు. వీధి తలుపుకి రబ్బరు వేశాక దాన్ని తియ్యాలంటే భుజంతో నెట్టాల్సి వచ్చేది.

"మమ్మల్ని కూడా అంటించేసేలా ఉన్నారు" అంది అమ్మ.

"కదలకుండా కూర్చో, అదీ చేస్తా" అన్నాడు నాన్న. అన్ని రోజుల్లో ఆయన నోట్లోంచి వచ్చిన సరదా మాట అదొక్కటే.

ఇల్లు నిజంగానే మారిపోయింది. వీధిలో బళ్ళ చప్పుడు దూరమైంది. కాళ్ళకి తగిలే చలి పోయింది. మరదలు మేజోళ్ళు లేకుండా తిరుగుతోంది. పొద్దున్నే కిటికీ అద్దాల మీద లోపలివైపు నీళ్ళు ధారలు కట్టేవి. నాన్న వేలితో ఆ నీళ్ళమీద గీత గీసి, "చూశావా, లోపలి వేడి లోపలే" అని మురిసిపోయేవాడు. ఆయన అలా మురిసిపోతుంటే మాకూ బాగానే ఉండేది. ఇంట్లో ఒకళ్ళ పంతం నెగ్గేలా ఉంటే మిగతావాళ్ళకి కూడా ఊపిరి తేలికవుతుంది.

తమ్ముడు ఒక్కడే తొందరపడేవాడు. "నాన్నా, ఇక చాలు. ఆవిడకి ఫోన్ చేస్తాను."

"నేను చెప్పేదాకా చెయ్యకు. ఈసారి ఆవిడ పొగ నిలబడాలి. కదలకూడదు."

"పొగ నిలబడేలోపు గడువు అయిపోతుంది!"

"అయిపోదు. ఒరేయ్, ఇల్లు కట్టింది నేనా నువ్వా?"

ఈ వాదన రోజూ ఉండేది. మాటా మాటా పెరిగి, తమ్ముడు బండి తీసుకుని బయటికి పోయేవాడు. నాన్న ఫోమ్ డబ్బా అందుకునేవాడు.

ఆ తర్వాత చలి ముదిరింది. వాన, ఈదురుగాలి, మళ్ళీ వాన. బాయిలర్ ఆగకుండా మండేది. ఇంట్లో అందరికీ ఒంట్లో నలతగా ఉండడం అప్పుడే మొదలైంది. నాకు పొద్దున లేస్తూనే తల దిమ్ముగా, కణతలు లాగుతున్నట్టు ఉండేది. షాపుకి వెళ్ళి రెండు జతల అద్దాలు అమ్మేసరికి తగ్గిపోయేది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకునేసరికి మళ్ళీ తయారు. "నాకు ఇల్లే తలనొప్పి" అని షాపులో జోకు కూడా వేశాను. అమ్మకి వికారం. చేతిలో కప్పు జారి రెండుసార్లు పగిలింది. ఊరంతా జలుబులూ జ్వరాలూ తిరుగుతున్నాయి, మనకీ తగులుకున్నాయి అనుకున్నాం. మాత్రలు వేసుకుని, చలి తగలకుండా తలుపులు ఇంకా గట్టిగా బిగించుకున్నాం.

మరదలు అందరికంటే డీలా పడింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్ళు మూతలు పడేవి. వెనక గది అన్నిటికంటే వెచ్చగా ఉంటుందని అమ్మే దాని మంచం అక్కడ వేయించింది, బాయిలర్‌కి ఎదురు గోడ పక్కన.

"ఎంత పడుకున్నా తీరట్లేదు వదినా. నిద్రలోంచి లేస్తే ఇంకా అలసటగా ఉంటోంది."

"నెలలు నిండుతున్నాయి కదే. ఇద్దరి నిద్ర నువ్వొక్కదానివే పోతున్నావు."

"వీడు కూడా బద్ధకిస్తున్నాడు. ఇదివరకు తన్నేవాడు, ఇప్పుడు అడిగితేగానీ తన్నట్లేదు" అని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వుతూనే విన్నాను.

ఎట్టకేలకు నాన్న ఒప్పుకున్నాడు. తమ్ముడు ఫోన్ చేశాడు. ఫ్యానమ్మ పొద్దున్నే వస్తానంది.

ఆ రోజు నాకు సెలవు. వాన తెరిపి ఇచ్చింది గానీ గాలి కోస్తోంది. అమ్మ వంటింట్లో పొయ్యి వెలిగించి, పైన పొగ లాగే ఫ్యాను వేసింది. ఆ ఫ్యాను వేసినప్పుడల్లా వెనక గది తలుపు దానంతటదే దడాలున పడుతోందని ముందురోజు నుంచీ గమనిస్తూనే ఉన్నాం. ఇల్లు బిగువుగా ఉందనడానికి అదో గుర్తని నాన్న సంబరపడ్డాడు కూడా. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళివారి కోసం ఎదురు చూస్తున్నట్టు హాల్లో నిలబడ్డాడు.

ఫ్యానమ్మ ఫ్యాను ఇంకా బండిలోనే ఉంది. ముందు ఇల్లు చూసుకుందామని ఒట్టిచేతులతో లోపలికి వచ్చింది. "అబ్బో, ఏంటిది బాబాయిగారూ, తలుపు నెడితేగానీ రాలేదు!" అంటూ నాలుగడుగులు వేసింది. ఆవిడ నడుముకి బెల్టులో చిన్న పెట్టె ఒకటి తగిలించి ఉంది. పోయినసారి కూడా ఉందనుకుంటాను, నేను చూడలేదు. అది కీచుమంది. ఆగకుండా మోగుతూనే ఉంది.

ఆవిడ దాన్ని తీసి చూసుకుంది. జలుబు గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"పొయ్యి ఆపండి. అందరూ బయటికి. ఇప్పుడే."

"ముందు మీ ఫ్యాను పెట్టి చూడండి. అది అలా మోగితే ఫెయిలన్నట్టా ఏంటి?" అన్నాడు నాన్న.

"ఇంట్లో విషవాయువు ఉంది. బయటికి నడవండి!" అంటూనే ఆవిడ వీధి తలుపు బార్లా తెరిచి, పక్కనే ఉన్న కిటికీ గడియ లాగింది. అది రాలేదు. నాన్న దానికి కూడా సిలికాన్ పెట్టాడు. "లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. తమ్ముడు అప్పటికే వెనక గదివైపు పరుగెత్తుతున్నాడు. నేనూ వెళ్ళాను. మరదలు ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంది. మొహం నిగనిగలాడుతూ ఎర్రగా ఉంది. అంత ఆరోగ్యంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడు పిలిచాడు. బుగ్గ మీద తట్టాడు. అది కళ్ళు తెరవలేదు.

చెరోవైపు పట్టుకుని ఎలా మోశామో తెలియదు. హాల్లో నా కాలికింద ఫోమ్ డబ్బాలు దొర్లాయి. వీధిలో అరుగు మీద, ఆ చలిలో, అమ్మ ఒళ్ళో దాన్ని పడుకోబెట్టాం. ఫ్యానమ్మ అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది. నాన్న మాత్రం బయటికి రాలేదు.

ఆయన కోసం లోపలికి వెళ్ళబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపులోంచి లోపలి చప్పుడు వినబడుతోంది, చెక్క విరుగుతున్న చప్పుడు. నేను చెయ్యి విదిలించుకుని గబగబా వెళ్ళాను. బాయిలర్ ఆపేసి ఉంది. నాన్న ఉలి పెట్టి వెనక గది గోడని పెళ్ళగిస్తున్నాడు. గోడ అనుకున్నాను. అది గోడ కాదు. జాలీ ఉండాల్సిన చోట చెక్క బిగించి, మేకుల తలల మీద లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, గోడ రంగే వేశాడు. రోజూ ఆ గదిలోకి వస్తూ పోతూ కూడా మాకెవ్వరికీ కనిపించనంత నేర్పుగా మూశాడు.

చెక్క ఊడి కింద పడింది. చల్లగాలి మొహానికి కొట్టింది.

"రా నాన్నా" అన్నాను. చెయ్యి పట్టుకుంటే చిన్నపిల్లాడిలా వచ్చాడు.

ఆస్పత్రిలో మరదలి మొహానికి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. మాకందరికీ కూడా రక్తం తీసి చూశారు. డాక్టరమ్మ వయసులో చిన్నది. మాటలు మాత్రం ఆచితూచి చెప్పింది. గ్యాస్ సరిగా మండక పుట్టే వాయువట. రంగూ వాసనా ఉండవు. తల్లికి ఎక్కినదానికంటే కడుపులో బిడ్డకి ఎక్కువ ఎక్కుతుంది, వదలడానికి ఎక్కువ సేపు పడుతుంది. తల్లి బయటపడుతుంది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. అంతకుమించి ఇప్పుడేమీ చెప్పలేం.

"ఇప్పుడు చెప్పలేకపోతే ఎప్పుడు చెబుతారు?" అన్నాడు తమ్ముడు.

"పుట్టాక. కొన్ని సంగతులు ఇంకా తర్వాత."

వరండాలో బల్ల మీద వరసగా కూర్చున్నాం. ఫ్యానమ్మ కూడా వచ్చింది. పెట్టెలో చూసిన అంకె డాక్టర్లకి చెప్పాలని వచ్చింది, చెప్పాక కూడా వెళ్ళలేదు. తమ్ముడు ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఎలా జరిగింది? మీరే కదా మూసుకోమన్నారు!"

"జాలీ ముట్టుకోవద్దని చెప్పాను. ఎవరో దాన్ని మూసేశారు. దానికి తోడు వంటింటి ఫ్యాను గాలిని బయటికి లాగుతోంది. లోపలికి రావడానికి ఎక్కడా సందు లేదు. బాయిలర్ పొగ గొట్టంలో పైకి పోవాల్సింది పోయి వెనక్కి ఇంట్లోకి దిగింది."

"ఎవరు మూశారు?"

నాన్న నేల చూస్తున్నాడు. ఉలి పట్టుకున్న చేతికి దెబ్బ తగిలి రక్తం గడ్డ కట్టి ఉంది. ఆయన నోరు తెరుస్తాడని చూశాను.

"నేనే" అంది అమ్మ.

అందరం అటు తిరిగాం.

"పిల్లకి చలి కొడుతోందని నేనే మూశాను. నాకేం తెలుసు ఇంత అవుతుందని."

ఇంట్లో గోడకి మేకు దిగాలంటే నాన్నకోసం ఎదురు చూసే మనిషి అమ్మ. ఆ చెక్క చూసినవాళ్ళెవరికైనా అది ఎవరి చెయ్యో చెప్పక్కర్లేదు. కానీ తమ్ముడు దాన్ని చూడలేదు. చూసినా ఆ క్షణంలో వాడికి కోప్పడడానికి ఒక మనిషి కావాలి.

"నీకు బుద్ధుందా అమ్మా? చిలక్కి చెప్పినట్టు చెప్పిందావిడ! నువ్వే దాని మంచం అక్కడ వేయించావు, నువ్వే జాలీ మూశావు. చంపేద్దామనుకున్నావా దాన్ని?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాడు అరుస్తూనే ఉన్నాడు. నర్సు వచ్చి గదిమేదాకా అరిచాడు. అంతసేపూ నాన్న అమ్మ పక్కనే ఉన్నాడు, వాళ్ళిద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు. అగ్గి మీద గుగ్గిలమయ్యే మా నాన్న నోరు మెదపకుండా ఉండడం నేను చూసింది ఆ రోజే. అరుపుల కంటే దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ రాత్రి మమ్మల్నీ ఆస్పత్రిలోనే ఉంచారు. ఆడవాళ్ళ వార్డులో అమ్మ పక్క మంచం నాది.

"ఎందుకలా చెప్పావమ్మా?"

"ఆయన చెప్పలేడే. చెబితే ఆ తర్వాత కొడుకు మొహం ఎలా చూస్తాడు? నన్నయితే రేపు కాకపోతే ఎల్లుండి మాట్లాడతాడు వాడు."

"మరి నాన్న ఊరుకున్నాడేం?"

అమ్మ అటు తిరిగి పడుకుంది.

మరదలికి తెల్లవారుజామున బాగా తెలివి వచ్చింది. పొద్దున నేను దానికి జుట్టు దువ్వుతుంటే నాన్న వచ్చాడు. చేతికి కట్టు ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాడు. తమ్ముడు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. అమ్మ మంచం చివర కూర్చుని ఉంది.

"అమ్మా" అన్నాడు నాన్న మరదలితో. "ఆ జాలీ మూసింది నేను. మీ అత్తయ్య కాదు."



"పరీక్ష అవగానే తీసేద్దామనుకున్నాను. ఇల్లంతా బిగించి అక్కడ ఒక్కచోట గాలి వస్తుంటే నాకు మనసొప్పలేదు. వద్దని చెప్పింది నా చెవులతో విన్నాను. విని కూడా మూశాను."

తమ్ముడు లేచాడు. ఏదో అనబోయాడు. అమ్మ వైపు చూశాడు. నిన్న ఆవిడని అన్నదంతా వాడికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. విసురుగా నాన్న పక్కనుంచి బయటికి వెళ్ళిపోయాడు.

మరదలు కాసేపు నాన్న చేతి కట్టువైపు చూసింది.

"ఉప్పుకాగితం రుద్దుతున్న చప్పుడు విన్నాను మామయ్యా. నిద్రలో ఉన్నాను. పైన ఏదో పని చేస్తున్నారనుకున్నాను."

అంతే అంది. పర్వాలేదనలేదు, ఎందుకు చేశారనీ అడగలేదు. నాన్న ఇంకేదో అంటుందని నిలబడ్డాడు. అది నావైపు తిరిగి, "వదినా, ఆ చిక్కు విప్పలేదు చూడు" అంది. నాన్న వెళ్ళిపోయాడు.

తమ్ముడు మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆస్పత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకి తీసుకున్నాడు. వాళ్ళ బట్టలు సర్ది తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. అమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడట వాడు, అమ్మే చెప్పింది. నాన్న ఊసు మాత్రం ఎవరైనా ఎత్తితే లేచి పోయేవాడు.

ఆ బాయిలర్ తీసేసి, బయటి గాలి బయటినుంచే తీసుకుని పొగ బయటికే వదిలే రకం కొత్తది పెట్టించాం. ఇల్లంతా గాలి ఆడే గొట్టం ఒకటి, దానికో చిన్న ఫ్యాను కూడా పెట్టించమంది ఫ్యానమ్మ. నాన్న ఆవిడ చెప్పినవన్నీ చెప్పినట్టు చేశాడు. ఎక్కడ మేకు కొట్టాలన్నా ముందు ఆవిడకి ఫోన్ చేసి అడిగేవాడు. "ఇది మూయొచ్చా? ఇది తెరిచి ఉంచాలా?" ఒకరోజు ఫోన్ పెట్టేశాక, "ఆవిడ విసుక్కోవట్లేదే" అన్నాడు నాతో, ఆశ్చర్యంగా.

గడువు చివరి వారంలో మళ్ళీ ఎర్రగుడ్డ బిగించారు. ఈసారి ఈలలు లేవు. పరదా కాస్త వణికిందంతే. నాన్న ఆవిడ వెంట తిరగలేదు. వీధిలో అరుగు మీద కూర్చున్నాడు.

"పాసైంది" అని నేను వెళ్ళి చెప్పాను.

"ఊఁ" అన్నాడు.

పై వాటాకి కరెంటు వచ్చింది. అమ్మ మెట్లెక్కి వెళ్ళి అన్ని గదుల్లోనూ దీపాలు వేసి, కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ అన్నీ ఆర్పేసి దిగివచ్చింది. తమ్ముడి గది ఖాళీగానే ఉంది గానీ నేను అందులోకి మారలేదు. హాల్లోనే పడుకున్నాను.

పాప పుట్టింది. కొడుకని ఎందుకో అందరం అనుకున్నాం, ఆడపిల్ల. బరువు తక్కువ. కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచారు. అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి, ఏడాది దాకా చూస్తూ ఉండాలి అన్నారు డాక్టర్లు. అమ్మా నేనూ రోజూ వెళ్ళేవాళ్ళం. నాన్న మాతోపాటే బయల్దేరి ఆస్పత్రి గేటుదాకా వచ్చి, అక్కడ టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. తిరిగొచ్చాక, "కళ్ళు తెరిచిందా?" "పాలు తాగుతోందా?" అని అడిగేవాడు. ఇంటికి పంపేశాక కూడా అంతే. వాళ్ళ గది ఉన్న సందు మొదట్లో ఆగిపోయేవాడు. పాపని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు, ఆయనా అడగలేదు.

చలి తగ్గి ఎండ కాస్త చురుక్కుమంటున్న రోజుల్లో ఒక సాయంత్రం మా వీధిలో తమ్ముడి బండి ఆగింది. మరదలు పాపని ఎత్తుకుని దిగింది. తమ్ముడు దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి నేరుగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"వదినా, ఒకసారి పైన చూద్దామని వచ్చాను" అంది.

నాన్న హాల్లో ఉన్నాడు. దాన్ని చూసి లేచి గోడవైపు జరిగాడు. అది మెట్లెక్కింది. నేనూ ఎక్కాను. "మామయ్యా, మీరూ రండి, ఏది ఎక్కడుందో నాకు తెలియదు కదా" అని పైనుంచి పిలిచింది. నాన్న వచ్చాడు గానీ గది మధ్యకి రాలేదు.

అది ప్రతి గదీ చూసింది. కిటికీ ప్రతిదీ తెరిచి, మూసి చూసింది. గాలి వచ్చే గొట్టం ముందు అరచెయ్యి పెట్టింది. గోడకి తగిలించిన కొత్త పెట్టె చూపించి, "ఆవిడ బెల్టుకి ఉందని చెప్పారే, అలాంటిదేనా ఇది?" అని అడిగింది.

"అదే. ప్రతి గదిలోనూ పెట్టాను. రోజూ నొక్కి చూస్తున్నాను, పని చేస్తోందో లేదోనని" అన్నాడు నాన్న. అలవాటు లేని మెత్తటి గొంతు.

"పాప మంచం ఎక్కడ వేద్దామంటారు?"

చెప్పడానికి తనెవరన్నట్టు నాన్న నావైపు చూశాడు. నేను నేల చూశాను.

మరదలు నాన్న ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఇదిగోండి, పట్టుకోండి."

"నేనా?"

"మెడ కింద చెయ్యి పెట్టండి. అలా కాదు. ఆఁ, అలా."

చెక్కని చూపుతోనే కొలిచి కోసే ఆ చేతుల్లో పాప మూలిగి, మొహం ముడిచి, మళ్ళీ నిద్రలోకి జారుకుంది. నాన్న ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

మరదలు మెట్లవైపు నడిచింది. నాన్న కంగారు పడ్డాడు.

"ఎక్కడికమ్మా? దీన్ని తీసుకో. నేను ఎంతసేపని పట్టుకోను?"

"నేను వచ్చేదాకా. కిందికెళ్ళి మీ అబ్బాయిని తీసుకొస్తాను. రానంటాడు, కాస్త ఆలస్యం కావచ్చు."

అది దిగి వెళ్ళిపోయింది. నేను సాయం చేద్దామని చెయ్యి చాపాను. నాన్న ఇవ్వలేదు, వద్దన్నట్టు తలూపాడు. బాగా ఆలస్యమే అయింది. సాయంత్రం ఎండ గదిలోంచి తప్పుకుంది. నాన్న కూర్చోలేదు, చెయ్యి మార్చుకోలేదు. పాప పొట్ట లేచి పడడం చూస్తూ అలాగే నిలబడ్డాడు.

చాలాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఇద్దరివి.